మూడు కిడ్నీల అత్త

అత్త పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే. ఫోన్ చేసింది మామ, అంటే ఆమె భర్త. రోజు మొత్తంలో ఆయన పది మాటలు మాట్లాడితే జ్వరం గానీ వచ్చిందేమోనని వీధిలో వాళ్లు అనుకునేవాళ్లు. అలాంటి మనిషి భివండీలో కూతురింటి నుంచి ఫోన్ చేసి, "మీ అత్త పోయింది బిడ్డా," అన్నాడు. "చాయ్ తాగుకుంట మాట్లాడుతుండె. నేను ఊఁ అన్న. మల్ల మాట రాలే. నేను ఊఁ అన్నంక గూడ మాట రాలేదంటేనే నాకు సమజైంది."

వాళ్ల సంసారం మొత్తం అలాగే నడిచింది. ఆమె మాట, ఆయన ఊఁ. ఆఖరి ఊఁ కూడా ఆయన సమయానికి అందించాడని తలచుకుని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే ల్యాబ్‌లో స్టూలు మీద కూలబడి ఏడ్చాను. కొత్తగా చేరిన అమ్మాయి మంచినీళ్లు తెచ్చిచ్చి, "మీకేమవుతారు మేడం?" అని అడిగింది. రక్తసంబంధం ఏమీ లేదని చెప్పబోయి ఆగిపోయాను. ఆ మాట ఆమె విషయంలో అంత తేలిగ్గా అనలేను.

సోలాపూర్ నీలం నగర్‌లో మా ల్యాబ్ ఒకే ఒక గది. ముందు అద్దాల తలుపు, లోపల ఒక కుర్చీ, ఒక బల్ల, రక్తకణాలు లెక్కపెట్టే యంత్రం, ఒక చిన్న ఫ్రిజ్. నేను కోర్సు పూర్తిచేసి అక్కడ చేరిన మొదటి వారంలోనే అత్త వచ్చింది. మా వెనక వీధిలో ఉండేది. వాళ్ల తాతలూ మా తాతలూ తెలంగాణ నుంచి మగ్గం పనికి ఇక్కడికి వచ్చినవాళ్లే కాబట్టి వరస కలిపి అత్త అన్నాను. ఆమె మాత్రం నా పేరు అడగలేదు. "ఏయ్ సూదిపిల్లా" అంది. చివరిదాకా నేను ఆమెకు సూదిపిల్లనే.

మనిషిని పలకరించడంలో అత్తది వేరే పద్ధతి. బాగున్నావా అని అడిగేది కాదు. దగ్గరికొచ్చి, బీడీ ఆకు వాసన వేసే బొటనవేలితో మన కింది కనురెప్పను కిందికి లాగి లోపలికి చూసేది. ఎర్రగా ఉంటే "బాగున్నవ్" అనేది. పాలిపోయి ఉంటే "బీట్‌రూట్ తిను, నా లెక్క కాకు" అనేది. సిటీ బస్సు కండక్టర్‌ను అలాగే చూసింది. బీడీ కంపెనీ బ్రాంచిలో ఆమె చుట్టి తెచ్చిన కట్టల్లో బాగాలేవని కొన్ని ఏరి పక్కన పారేసే గుమాస్తాను కూడా చూసింది. ఒక పెళ్లిలో అక్షింతలు వెయ్యడానికి వేదిక ఎక్కి, ముందు పెళ్లికూతురి రెప్ప లాగింది, తర్వాత పెళ్లికొడుకుది లాగింది. "పిల్లకు మస్తుంది. పిలగానికే జర తక్కువుంది," అని మైకు దగ్గర నిలబడి చెప్పింది. హాలంతా వినబడింది. పెళ్లికొడుకు మేనమామ మరుసటి సోమవారం అతన్ని మా ల్యాబ్‌కి తీసుకొచ్చాడు. తక్కువే ఉంది.

ఆమెకు ఈ అలవాటు ఊరికే రాలేదు. రెండు కిడ్నీలూ చెడిపోయి అప్పటికి ఆరేళ్లు. వారానికి రెండుసార్లు డయాలసిస్. కనబడ్డ ప్రతి డాక్టరూ ఆమె రెప్ప కిందికి లాగి చూసి, నాలుక చప్పరించి, కాగితం మీద ఏదో రాసేవాడు. ఒంట్లో రక్తం ఉండేది కాదు. పెదవులు, గోళ్లు, నాలుక, అన్నీ ఒకే రంగు. "నన్ను సూస్తె కోరా నూలు లెక్క లేనా? రంగుల ముంచుడు మర్సిపోయిండ్రు," అని తనే నవ్వేది. నాలుగు మెట్లెక్కితే నిలబడిపోయేది. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ చుడుతూ మధ్యలో కళ్లు మూసుకుని వేళ్లను మాత్రం ఆడించేది. మాట మాత్రం ఎప్పుడూ తగ్గలేదు. ఆ మాటకు రక్తం ఎక్కడినుంచి వచ్చేదో నా యంత్రానికి దొరకలేదు.

కిడ్నీ చెడిపోతే రక్తం ఎందుకు తగ్గుతుందో డయాలసిస్ డాక్టర్ ఒకసారి ఆమెకు ఓపిగ్గా చెప్పాడట. కిడ్నీ చేసేది రక్తంలోని మలినాలను వడగట్టే పని ఒక్కటే కాదు. ఒంట్లో ప్రాణవాయువు తగ్గుతోందని కనిపెట్టి, ఎముకల్లోని మూలుగకు ఎర్రకణాలు చెయ్యమని కబురు పెట్టేది కూడా అదే. ఆ కబురు ఒక హార్మోన్. దాని పేరు ఎరిత్రోపోయిటిన్. కిడ్నీ ఆ కబురు పెట్టలేకపోతే అదే హార్మోన్‌ను సూదిమందుగా బయటినుంచి ఇవ్వాలి.

ఆమె దీన్ని వీధిలో ఇలా చెప్పింది: "నెత్తురు తయారయ్యే కార్ఖానా బొక్కలల్ల ఉంటది. ఆర్డర్ ఇచ్చే సేఠ్‌లు కిడ్నీలు. నా సేఠ్‌లు ఇద్దరూ పండుకున్నరు. కార్ఖానా మంచిగనే ఉంది, ఆర్డరే లేదు. అందుకే బయటికెల్లి ఎర్రపోతును తెస్తున్న."

ఎరిత్రోపోయిటిన్ ఆమె నోట్లో ఎర్రపోతు అయింది. ఎర్రపోతు సూది. నేను రెండుమూడుసార్లు సరిదిద్దాను. తర్వాత నేను కూడా ఎర్రపోతనే అనడం మొదలుపెట్టాను. ఆ మందు చల్లగా ఉండాలి, వాళ్లింట్లో ఫ్రిజ్ లేదు. అందుకని ఆ చిన్న సీసాలు మా ల్యాబ్ ఫ్రిజ్‌లో ఉండేవి. వారానికి రెండుసార్లు ఆమె తలుపు తోసుకుని లోపలికొచ్చి, "ఎర్రపోతు ఉన్నదా, తాడు తెంపుకొని పోయిందా?" అని అడిగేది. కుర్చీలో కూర్చుని చెయ్యి చాపేది. సూది దిగుతున్నంతసేపూ మూలుగను అదిలించేది. "లెవ్వండిరా, ఆర్డరొచ్చింది!"

నెలకొకసారి హిమోగ్లోబిన్ పరీక్ష. ఆ రిపోర్టును ఆమె మార్కుల మెమో అనేది. యంత్రం శబ్దం చేస్తున్నంతసేపూ చేతులు కట్టుకుని, పరీక్ష రాసిన పిల్లలా నా వెనకే నిలబడేది. ఆరున్నర. ఏడు. ఒక నెల ఏడూ ముప్పావు వస్తే సంతోషపడింది. మరుసటి నెల మళ్లీ ఆరు. "ఫెయిలేనా?" "ఫెయిలే అత్తా." "సరే, మల్ల కూసుంట." అంతకుముందు మరీ పడిపోయినప్పుడు రక్తం ఎక్కించేవాళ్లు. అలా పదకొండు సంచులు ఎక్కాయి. ఆ పదకొండింటి సంగతి ఆమె ఎక్కువగా మాట్లాడేది కాదు. ఆమె మాట్లాడని విషయం ఉందంటే దాన్ని గమనించాల్సింది. అప్పట్లో నాకు ఆ తెలివి లేదు.

చివరికి మామ కిడ్నీ ఇస్తానన్నాడు. ఇస్తానన్నాడు అనడం తప్పు, ఊఁ అన్నాడు. ఆయన జాబర్, సాంచలు అంటే మర మగ్గాలు బాగుచేసే మనిషి. ఆగిపోయిన మర మగ్గం పక్కన నిలబడి, చెవి ఒగ్గి విని, ఒక్క బోల్టు తిప్పి వెళ్లిపోయేవాడు. పూణె ఆసుపత్రిలో ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా అని కమిటీ పెద్దలంతా కూర్చుని, కెమెరా పెట్టి అడిగారట. ఆ ఘట్టాన్ని అత్త మా ల్యాబ్‌లో ఎన్నిసార్లు నటించి చూపిందో లెక్కలేదు.

"గాళ్లు మరాఠీల అడుగుతుండ్రు. ఈయన ఊఁ అంటుండు. మాట చెప్పండి, ఊఁ అంటే చెల్లదు అంటుండ్రు. మల్ల ఊఁ! నేను బయట తలుపు సందుల కెల్లి సూస్తున్న. నా పానం పోతుంది. నోరు తెరువయ్యా, కిడ్నీ తర్వాత ఇద్దువు, ముందుగాల మాటియ్యి అని మొత్తుకున్న. గప్పుడు లేసి నిలబడి 'దేతో' అన్నడు. ఇస్త అని. పెండ్లిల గూడ గంత గట్టిగ అన్లే."

ఆపరేషన్‌కు ముందు ఆమె డాక్టర్‌ను అడిగిన ప్రశ్న ఒకటే. "ఆయన కిడ్నీ పెడితె నా మాటలు బంద్ అయితయా?"

కాలేదు. మూడు నెలల తర్వాత ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని తిరిగొచ్చింది. ఆ గుడ్డ వెనకనుంచే వీధి ఈ చివర మాట్లాడుతుంటే ఆ చివర వినబడేది. ఇక ఎర్రపోతు అవసరం లేదన్నారు. మామ కిడ్నీ సొంతంగా కబురు పంపుతోంది. మొదటి నెల తొమ్మిది. ఆమె నమ్మలేదు, ఇంకోసారి చెయ్యమంది. మళ్లీ తొమ్మిదే. తర్వాత పదకొండు. తర్వాత పదమూడు. పదమూడు వచ్చిన రోజు వీధి మొత్తానికి పేడాలు పంచింది. చాట ముందు కూర్చున్న ఆడవాళ్లు ఆమె పెదవులు చూసి, "లిపిస్టిక్ పెట్టినవా ఏంది?" అని అడిగితే, కొంగుతో పెదవులు రుద్ది ఆ కొంగు అందరికీ చూపించింది. "సూడుండ్రి, తెల్లగనే ఉంది. ఇది లోపటి రంగు!"

ఆ రోజుల్లో ఆమెను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. కొంతం చౌక్ నుంచి ఆటో ఎక్కకుండా నడిచొచ్చేది. బీడీల బుట్ట తనే ఎత్తుకుని బ్రాంచికి వెళ్లేది. ఎదురింటివాళ్ల డాబా మెట్లు పనేమీ లేకపోయినా ఎక్కి, పైనుంచి మమ్మల్ని పిలిచి, "ఊపిరి సూడుండ్రి, ఆయాసం లేదు గదా?" అని దిగేది. మామ ఎటైనా వెళ్తుంటే వెనకనుంచి, "నలభై ఏండ్ల సంది కొత్తిమీర తెమ్మంటె తేలే ఈ మనిషి. ఈయన కిడ్నీ సూడు, అడగకముందే పని చేస్తుంది!" అనేది. మామ చెవులు ఎర్రబడేవి.

పదిహేను. పదహారు. పదిహేడు వచ్చినప్పుడు నేను కూడా ఆ సంబరంలో పడి ఆమె చేతిలో చాక్లెట్ పెట్టి, "డిస్టింక్షన్ అత్తా!" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. నేను చదువుకున్నదాన్ని. అంత రక్తం మంచిది కాదని నాకు తెలిసుండాలి. ఆమె తల బరువుగా ఉందంటోంది, చెవుల్లో సాంచలు నడిచినట్టుందంటోంది, స్నానం చెయ్యగానే ఒంటినిండా చీమలు పాకినట్టు దురద అంటోంది. అరచేతులు కుంకుమలో ముంచినట్టున్నాయి. మేమిద్దరం ఇవన్నీ బలం లక్షణాలే అనుకున్నాం. తర్వాతి నెల యంత్రం పద్దెనిమిది దాటి చూపించింది. యంత్రం చెడిపోయిందనుకుని నా రక్తం పెట్టి చూశాను. యంత్రం బాగానే ఉంది.

డాక్టర్ దగ్గరికి మామతో పాటు నన్ను కూడా రమ్మంది, మెమో పట్టుకోవడానికి. డాక్టర్ మరాఠీ ఆయన, వారానికొకసారి సోలాపూర్ వచ్చి చూసి వెళ్లేవాడు. కాగితం చూడగానే ఆయన ముఖంలో నవ్వు పోయింది. రక్తం ఇంత చిక్కబడితే రక్తనాళాల్లో గడ్డకడుతుంది, గడ్డ మెదడుకు పోవచ్చు, గుండెకు పోవచ్చు, పెట్టిన కొత్త కిడ్నీకే పోవచ్చు అన్నాడు. కిడ్నీ మార్చుకున్నవాళ్లలో కొందరికి ఇలా అవుతుందని చెప్పాడు.

"ఎందుకైతది సాబ్? ఎర్రపోతు బంద్ చేసినం గదా?" అంది అత్త.

అప్పుడు ఆయన చెప్పినదానికి మేం ముగ్గురం నోరు తెరిచాం. కొత్త కిడ్నీ పెట్టినప్పుడు పాతవాటిని తీసెయ్యరు. అవి రెండూ లోపలే ఉన్నాయి. మలినాలు వడగట్టడం చేతకాకపోయినా వాటిలో మిగిలిన కొన్ని కణాలు రక్తం చెయ్యమని కబురు పంపుతూ ఉండవచ్చు. ఆ కబురు ఎప్పుడు ఆపాలో వాటికి తెలియదు. కొత్త కిడ్నీ తన కబురు తను పంపుతోంది.

అత్త వేళ్లు ముడిచి లెక్కపెట్టింది. "ఒక్క కార్ఖానాకు ముగ్గురు సేఠ్‌లా? ముగ్గురూ ఆర్డర్లు ఇస్తుండ్రా?"

డాక్టర్‌కు నేను మరాఠీలో చెప్పాను. ఆయన పకపకా నవ్వి, అచ్చంగా అంతే అన్నాడు.

"ఎక్కువ ఎవరిది? ఆయనదా, నావా?"

అది ఖాయంగా చెప్పలేం అన్నాడు. అత్త నడుముకు రెండు పక్కలా చేతులు వేసుకుని నిమురుకుంది. "సచ్చిపోయినయనుకున్న. ఇంక బతికే ఉన్నయ్ పాపం." ఆమె గొంతులో ఉన్నది అచ్చమైన గర్వం. మామ కిటికీలోంచి బయటకు చూస్తూ, "పని బందైంది. నోరు బంద్ కాలే," అన్నాడు. తన భార్య కిడ్నీల గురించే అన్నాడో, భార్య గురించే అన్నాడో మాకు ఇప్పటికీ తెలియదు. డాక్టర్ గదిలో అంతసేపు నవ్వు నేనెప్పుడూ వినలేదు.

ఆయన రెండు పనులు చెప్పాడు. ఒకటి, రోజూ ఒక గోళీ. అది రక్తపోటు గోళీయే, కానీ రక్తం చెయ్యమనే ఆ కబురు జోరు తగ్గించే గుణం కూడా దానికి ఉంది. రెండోది, ప్రస్తుతానికి ఒక సంచి రక్తం తీసెయ్యాలి.

నవ్వు అక్కడే ఆగిపోయింది. అత్త కుర్చీలోంచి లేచింది. "ఆరేండ్లు ఎక్కించుకుంట బతికిన. ఇప్పుడు తీస్తరా? నకో. నేనియ్య," అని చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వెళ్లిపోయింది.

రెండు వారాలు ఆమె మా ల్యాబ్ వైపు రాలేదు. వచ్చిన రోజు తెల్లవారినప్పటి నుంచి నీళ్లు తాగి తాగి వచ్చింది, రక్తం పలచగా కనబడాలని. కూర్చోగానే పరుగెత్తుకుంటూ బాత్రూమ్‌కి వెళ్లింది, మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది. అంత చేసినా పద్దెనిమిది దగ్గరే ఉంది. అద్దాల తలుపు తనే మూసి, నా చెయ్యి పట్టుకుంది.

"పదిహేనని రాయి."

"రాయను అత్తా."

"నీ సేతుల ఉన్న పని. ఒక్క అంకె."

"ఆ అంకె చూసే డాక్టర్ నీకు మందిస్తడు. నేను అబద్ధం రాస్తే నువ్వు పడిపోతవు."

"పడిపోతె పోత. తెల్లగయి మాత్రం సావ ఇగ," అంది. నెమ్మదిగా అంది. ఆమె నెమ్మదిగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి. "నీకు తెల్వదు. కోరా లెక్క ఉన్నప్పుడు అద్దంల నన్ను నేను సూసుకోలే ఆరేండ్లు. ఇప్పుడు సూసుకుంటున్న. ఇది నాది, సూదిపిల్లా. ఎవలియ్యలే, నా లోపలికెల్లి వచ్చింది."

అయినా రిపోర్టులో పద్దెనిమిదే రాశాను. ఆమె వెళ్లాక మామ పనిచేసే కార్ఖానాకు వెళ్లి, సాంచల చప్పుడులో ఆయన చెవిదగ్గర అరిచి అంతా చెప్పాను. ఆయన ఊఁ అన్నాడు.

తర్వాత జరిగింది వీధి వీధంతా చూసింది. మరునాడు సాయంత్రం ఆడవాళ్లు అరుగుల మీద వరసగా కూర్చుని బీడీలు చుడుతున్నారు. అత్త మధ్యలో ఉంది. మామ పని నుంచి వచ్చి, ఆమె పక్కనున్న జర్దా డబ్బా తీసి చెవిదగ్గర పెట్టుకుని ఊపాడు. పొగాకు పొడి ఉన్న డబ్బా అలా గలగలమనకూడదు. మూత తీసి చాటలో బోర్లించాడు. పొడితో పాటు గోళీలు పడ్డాయి, ఒక్కటి కూడా మింగనివి, పద్నాలుగు.

"నా కిడ్నీ నాకు వాపస్ ఇయ్యి," అన్నాడు.

ఆకు కత్తిరించే కత్తెరలు ఆగిపోయాయి.

"నువ్వు గోళి మింగవ్. నెత్తురు తియ్యనియ్యవ్. రేపు అది గడ్డకట్టి నీ మూతి వంకరపోతది, మాట పడిపోతది. గందుకేనా నేనిచ్చింది? నువ్వు మాట్లాడుతవనే ఇచ్చిన. నువ్వు మాట్లాడకుంటె ఆ ఇంట్ల నేనేం జెయ్యాలె? వాపస్ ఇయ్యి."

అత్త ఆయన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఆయి గ! ఇన్ని మాటలు ఎక్కడ దాసినవయ్యా ఇన్నేండ్లు?" అంది. తర్వాత చాటలోంచి ఒక గోళీ ఏరి, ఊది, పొడి దులిపి, నీళ్లు కూడా లేకుండా మింగింది. జర్దా ఘాటుకు దగ్గొచ్చింది. దగ్గుతూనే, "రేపు పోదాం," అంది.

మరునాడు మేం ముగ్గురం వెళ్లిన బ్లడ్ బ్యాంక్‌లో గుబురు మీసాల అటెండర్ ఒకాయన ఉన్నాడు. అత్తను బల్ల మీద పడుకోబెట్టి చేతికి పట్టీ బిగించాడు. ఆమె సంచి వైపు చూసి అడిగింది. "ఇది ఎవలికి ఎక్కిస్తరు?"

"ఎవరికీ కాదు మావ్షీ. పారేస్తాం," అన్నాడు మరాఠీలో.

ఆమె లేచి కూర్చుని చెయ్యి లాక్కుంది. కిడ్నీ మార్చుకున్నవాళ్ల ఒంట్లో బలమైన మందులుంటాయి, అలాంటివాళ్ల రక్తం వేరేవాళ్లకు ఎక్కించరు, అది నియమం అని నేను చెప్పాను. ఆమె నా వైపు చూడలేదు. ఖాళీ సంచినే చూస్తోంది.

"పదకొండు ఎక్కించుకున్న," అంది. "ఎవలియో ఏమో. మొగోళ్లయో ఆడోళ్లయో, ఏ కులపోళ్లయో, ఏ దేవునికి మొక్కెటోళ్లయో. ఒక్క సంచి మీదన్న పేరు లేకుండె. పడుకొని సుక్క సుక్క పడుతుంటె సూసేదాన్ని. నాకు ఎన్నడన్న నెత్తురైతె ఒక్కటన్న నేను గూడ ఇస్త అనుకున్న. ఇప్పుడైంది. చెత్తల ఏస్తరట."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. సూదులకు, ఆపరేషన్‌కు, ఫెయిల్ మార్కులకు దేనికీ ఏడవని మనిషి. గోళీలు ఎందుకు దాచిందో, ఆ రక్తాన్ని ఎందుకంత పట్టుకుని కూర్చుందో నాకు అప్పుడు అర్థమైంది.

మామ చొక్కా చెయ్యి పైకి మడిచాడు. అటెండర్ వయసు అడిగి, దాటిపోయింది కాకా, కుదరదన్నాడు. మామ చెయ్యి దించాడు. అప్పుడు ఇద్దరూ నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. రోజుకు ముప్పై నలభై మందికి సూది గుచ్చే నాకు, నన్నెవరైనా గుచ్చాలంటే మాత్రం పారిపోవాలనిపిస్తుంది. కోర్సులో ఒకరి మీద ఒకరు నేర్చుకునే రోజు జ్వరమని ఇంట్లో పడుకున్నాను. యంత్రం సరిచూడటానికి పెట్టుకున్నది కూడా వేలి చుక్కే, అదీ కళ్లు మూసుకుని. ఈ సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"నాకు భయం అత్తా," అన్నాను.

"దేనికి?"

"సూదికి."

ఆమె నవ్వింది చూడండి, కళ్లలో నీళ్లు అలా ఉండగానే, బల్ల కిర్రుమనేలా. "ఏందీ? సూదిపిల్లకు సూదంటె భయమా?" మామ మొహం తిప్పుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. అటెండర్‌కు తెలుగు రాదు, ఎవరైనా మరాఠీలో చెప్పండని బతిమాలాడు. చెప్పాక తన మీసం పట్టుకుని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

ఆమె నన్ను బలవంతం చెయ్యలేదు. మళ్లీ పడుకుని చెయ్యి చాపి, "తియ్యి భావూ," అంది. తర్వాత నాతో, "భయమైతె వద్దు. ఇయ్యాలనిపిస్తె మాత్రం పక్కపొంటి పండుకొని నా మొఖం సూడు. సూది దిక్కు సూడకు. నేను ముచ్చట చెప్త," అంది.

పక్క బల్ల ఎక్కాను. ఎలా ఎక్కానో గుర్తు లేదు. నా బరువు, నా హిమోగ్లోబిన్ చూసి బొటాబొటీగా పాసయ్యానన్నారు. ఆమె ముఖమే చూస్తూ పడుకున్నాను. ఆమె తన పెళ్లినాటి ముచ్చట ఏదో ఎత్తుకుంది. అందులో ఒక గుర్రం, ఒక బ్యాండ్ మేళం, తప్పిపోయిన చెప్పు ఉన్నాయి. సూది ఎప్పుడు దిగిందో తెలియలేదని చెబితే అబద్ధమవుతుంది, బాగా తెలిసింది. కానీ అప్పటికి చెప్పు ఎవరు ఎత్తుకెళ్లారో తెలుసుకోవాలనే ఆత్రం ఎక్కువగా ఉంది.

రెండు సంచులు రెండు పక్కల ఊగుతున్నాయి. నాది గబగబా నిండింది. ఆమెది చిక్కగా ఉండి బొట్టు బొట్టుగా దిగింది. ఆమె మెడ చాచి రెండూ చూసి, "నీది నీళ్లు గలిపిన పాల లెక్కుంది పిల్లా. నాది సూడు, మలై!" అంది.

ఆ రోజు నుంచి ఆమె గోళీ ఒక్కరోజు కూడా మానలేదు. ఇంకో రెండుసార్లు మాత్రమే రక్తం తియ్యాల్సి వచ్చింది. ఆ రెండుసార్లూ తనది పారబోసేముందు పక్క బల్ల మీద ఎవరో ఒకరిని పడుకోబెట్టింది. ఒకసారి ఆమె బీడీలు ఏరి పారేసే ఆ గుమాస్తానే తీసుకొచ్చింది. అతను లేచాక కళ్లు తిరిగి, "ఇకమీద మీ కట్టల్లో ఒక్కటి కూడా తియ్యనమ్మా," అని మాటిచ్చాడు, నిలబెట్టుకోలేదు. తర్వాత హిమోగ్లోబిన్ పద్నాలుగు దగ్గర స్థిరపడింది. "సెకండ్ క్లాస్," అని మూతి ముడిచేది గానీ తలనొప్పి పోయింది, దురద పోయింది, మామ కిడ్నీ చివరిరోజు వరకూ బాగానే పనిచేసింది. అలా పదకొండేళ్లు గడిచాయి. చివరి మూడేళ్లు కూతురి దగ్గర భివండీలో ఉంది. అక్కడి ల్యాబ్‌వాళ్లకు కూడా మార్కులు అడగడం నేర్పిందని కూతురు చెప్పింది.

నాకు మాత్రం అన్నిటికంటే ఎక్కువగా గుర్తొచ్చేది, ఆ మొదటి రోజు బ్లడ్ బ్యాంక్ నుంచి తిరిగొచ్చిన ఆటో. బిస్కెట్లు తిని, టీ తాగి బయటికి రాగానే నాకు కళ్లముందు రోడ్డు పక్కకు ఒరిగింది. అత్తకేమో నెత్తిమీంచి మూట దింపినట్టయింది. నెలల తర్వాత తల తేలికైంది. నన్ను నడుము చుట్టూ పట్టుకుని దాదాపు ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టింది. మామ ముందు డ్రైవర్ పక్కన ఇరుక్కున్నాడు. డ్రైవర్ మనవాడే, తెలుగువాడు.

"మెల్లగ నడుపు తమ్మీ, పేషంటున్నది," అంది అత్త నా తల తన భుజానికి ఆనించుకుంటూ.

"అత్తా, పేషంట్ నువ్వు," అన్నాను కళ్లు తెరవకుండా.

"నోర్ముయ్యి. నీ మొఖం సూసుకో ఎట్లున్నదో."

డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూసి, "ఏమైందక్కా పోరికి?" అని అడిగాడు.

"నెత్తురిచ్చింది."

"అబ్బో, మంచి పని. ఎవరికిచ్చింది?"

"ఎవలికో. నాకేం తెలుసు ఎవలికో. ఇచ్చింది మాత్రం నాది."

డ్రైవర్ బ్రేక్ మీద కాలేశాడు. "నీదా? ఈ పిల్ల గదా ఇచ్చింది?"

"సేతులు ఈ పిల్లయి. ఇచ్చింది నేను. ఈ పిల్లతోని పంపిన."

"నాకు సమజ్ గాలే."

"ఎట్లయితది? మొదటికెల్లి చెప్పాలె," అని అత్త ముందుకు జరిగి, అతని సీటు వెనక ఇనుప కడ్డీ పట్టుకుని మొదలుపెట్టింది. అక్కల్‌కోట్ రోడ్డు మీద లారీలు దాటిపోతున్నాయి, ఆమె గొంతు వాటిపైన వినబడుతోంది. ఆమె భుజం వెచ్చగా ఉంది. ఆటో నీలం నగర్ చేరి వాళ్ల ఇంటి ముందు ఆగేసరికి ఆమె ఇంకా సగంలోనే ఉంది. డ్రైవర్ ఇంజన్ ఆపేసి, వెనక్కి తిరిగి మోకాలు సీటు మీదికి మడిచి కూర్చుని, "ఊఁ, తర్వాత?" అన్నాడు.